ముఖం లేని రాజముద్ర: నిజాం రజతోత్సవ తపాలా బిళ్ళలు (1937) - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

హైదరాబాదు రాజ్య తపాలా శాఖ 1937 ఫిబ్రవరిలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనా రజతోత్సవ సందర్భంగా నాలుగు స్మారక తపాలా బిళ్ళలను వెలువరించింది. వాటిపై పాలకుని ముఖం లేదు. రెండు వైద్యశాలలు, ఒక విశ్వవిద్యాలయం, ఒక ఉత్సవ మందిరం ఉన్నాయి. రెండేళ్ళ ముందు బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం అయిదవ జార్జి రజతోత్సవానికి విడుదల చేసిన ఏడు బిళ్ళలతో వీటిని పోల్చి, ఈ చిన్న కాగితపు ముక్కలు రాజ్యాధికారాన్ని ఎలా చిత్రించాయో, ఎవరిని చిత్రంలోకి రానివ్వలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తపాలా బిళ్ళ, రజతోత్సవం, హైదరాబాదు సంస్థానం, ప్రశస్తి, సార్వభౌమత్వం, వెట్టి, తెలంగాణ.

1. జూబిలీ బిళ్ళ - ఒక ప్రశస్తి రూపం

తపాలా బిళ్ళను చరిత్రకారులు చాలాకాలం సేకరణకర్తలకు వదిలేశారు. సేకరణకర్తలు దాని కాగితాన్ని, రంగును, చిల్లుల అంచును, అచ్చుతప్పులను శ్రద్ధగా నమోదు చేశారు గాని దాన్ని ఒక పాఠంగా చదివే పని తమది కాదనుకున్నారు. శాసనాలను లిపి పరిణామం కోసం మాత్రమే చదివి, వాటిలోని ప్రశస్తి భాగాన్ని అతిశయోక్తిగా కొట్టిపారేసిన తొలినాళ్ళ శాసన పరిశోధనకు పట్టిన గతే ఇది. ప్రశస్తిలో నిజం ఎంత అన్నది ఒక ప్రశ్న. పాలకుడు తనను ఎలా చూడమంటున్నాడు అన్నది దానికంటే పెద్ద ప్రశ్న. జూబిలీ బిళ్ళ విషయంలో ఈ రెండవ ప్రశ్నే ముఖ్యం.

రాజు పట్టాభిషేక వార్షికాన్ని తపాలా బిళ్ళతో గుర్తించే ఆచారం పాతదేమీ కాదు. విక్టోరియా రాణి వజ్రోత్సవానికి 1897లో కెనడా 16 బిళ్ళల వరుసను వెలువరించింది. ప్రతి బిళ్ళపైనా రెండు రాణులు: 1837లో సింహాసనమెక్కిన యువతి, 1897 నాటి వృద్ధురాలు. అర సెంటు నుంచి 5 డాలర్ల వరకు సాగిన ఆ వరుస మొత్తం కొనాలంటే ఆనాడు 16 డాలర్లు దాటేది. ఉత్తరం రాసుకునే సామాన్యుడికి 5 డాలర్ల బిళ్ళతో పనేముంటుంది? ఆ బిళ్ళ సేకరణకర్త జేబుకోసం అచ్చయింది. ఇలాంటి లాభాపేక్షను నిరసిస్తూ 1895లోనే లండన్‌లో సేకరణకర్తలు ఒక సంఘం పెట్టుకున్నారు. అంటే జూబిలీ బిళ్ళ పుట్టుకలోనే రాజభక్తి, వర్తకం కలిసే ఉన్నాయి. హైదరాబాదు బిళ్ళలను చదివేటప్పుడు ఈ వర్తక కోణం ఎంత తక్కువగా కనిపిస్తుందో గమనించడం అవసరం.

2. 1935: చక్రవర్తి తల, ప్రజల గుళ్ళు

అయిదవ జార్జి పాలనకు 1935 మేలో 25 ఏళ్ళు నిండాయి. సామ్రాజ్యంలోని 40కి పైగా వలసలకు ఒకే చిత్రం పంపారు: రాజు ముఖం, పక్కన విండ్సర్ కోట. ఆఫ్రికా తీరంలో ఉన్నా, కరిబియన్ ద్వీపంలో ఉన్నా ఉత్తరం మీద రాజుగారి ఇల్లే. వలస ప్రజల నేలకు అందులో చోటు లేదు. ఇంగ్లండులో మాత్రం బార్నెట్ ఫ్రీడ్‌మన్ అనే చిత్రకారుడు వెలుగునీడల ఆటతో నాలుగు బిళ్ళలు గీశాడు. రష్యా నుంచి వలసవచ్చిన యూదు కుటుంబంలో పుట్టినవాడి చేతిలో సామ్రాజ్యపు రాజు రూపుదిద్దుకోవడం ఆ జూబిలీలోని ఒక చిన్న విశేషం.

భారతదేశానికి ఈ విండ్సర్ నమూనా వర్తించలేదు. నాసిక్ ముద్రణాలయంలో అచ్చయిన ఏడు బిళ్ళల్లో రాజు తలతో పాటు ఒక్కొక్క కట్టడం ఉంది. అర అణాపై బొంబాయి గేట్‌వే ఆఫ్ ఇండియా, 9 పైలపై కలకత్తా విక్టోరియా మెమోరియల్, 1 అణాపై రామేశ్వర దేవాలయం, అణాంపావుపై కలకత్తాలోని జైన మందిరం, రెండున్నర అణాలపై తాజ్‌మహల్, మూడున్నర అణాలపై అమృతసర్ స్వర్ణమందిరం, 8 అణాలపై మాండలే పగోడా. ఈ వరుస ఏదో అందమైన కట్టడాల ఎంపిక కాదు. హిందువులకొకటి, జైనులకొకటి, సిక్కులకొకటి, బౌద్ధులకొకటి, మొగలు వారసత్వానికొకటి అని లెక్కపెట్టి వాటా పంచినట్లుంది. జనాభా లెక్కల పట్టికలో మతాల వారీగా గళ్ళు గీసిన పాలనా బుద్ధే బొమ్మల్లోనూ పనిచేసింది. మిగిలిన రెండు కట్టడాలు సామ్రాజ్యపు సొంతవి. గేట్‌వే 1911లో ఈ రాజే బొంబాయిలో దిగిన సందర్భానికి గుర్తు. విక్టోరియా మెమోరియల్‌కు 1906లో యువరాజుగా వచ్చి శంకుస్థాపన చేసినవాడూ అతడే.

ఇక్కడ గమనించవలసింది రాజు తల ఉన్న చోటు. అది ప్రతి బిళ్ళపైనా ఉంది. గుళ్ళు మారుతున్నాయి, తల మారడం లేదు. భిన్న మతాలన్నిటికీ పైన నిలిచిన ఏకైక రక్షకుడుగా చక్రవర్తిని నిలబెట్టడానికి ఇంతకంటే పొదుపైన వాక్యం దొరకదు. రామేశ్వరానికి మొక్కుకునే భక్తుడు అణా బిళ్ళ కొన్నప్పుడు తన గుడిని చూసి సంతోషించి ఉండవచ్చు. ఆ గుడి పక్కనే ఎవరున్నారో కూడా చూసి ఉంటాడు.

3. 1937: నాలుగు కట్టడాలు, నాలుగు అణాలు

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911 ఆగస్టు 29న తండ్రి మహబూబ్ అలీఖాన్ మరణంతో గద్దెనెక్కాడు. రజతోత్సవం 1936లోనే జరగవలసింది. ఆ ఏడాది జనవరిలో అయిదవ జార్జి మరణించడంతో వాయిదాపడి 1937 ఫిబ్రవరిలో జరిగింది. ఒక రాజు ఉత్సవం మరో రాజు మరణానికి తలవంచి ఆగవలసి రావడంలోనే హైదరాబాదు స్వతంత్రత ఏపాటిదో తెలుస్తుంది. 1926లో వైస్రాయి రీడింగ్ రాసిన లేఖ, బ్రిటిష్ అధికారానికి సమానస్థాయిలో నిలబడే హక్కు ఏ దేశీయ పాలకుడికీ లేదని నిజాంకు స్పష్టంగానే చెప్పింది. 1937 నాటి బిళ్ళల మీద ఆ లేఖ నీడ ఉంది.

ఫిబ్రవరి 13న వెలువడిన నాలుగు బిళ్ళలూ అడ్డంగా పొడవైనవి. 4 పైల బిళ్ళపై యునానీ వైద్యశాల, 8 పైల బిళ్ళపై ఉస్మానియా వైద్యశాల, 1 అణాపై ఉస్మానియా విశ్వవిద్యాలయం, 2 అణాలపై ఉస్మానియా జూబిలీ హాలు. అణాకు 12 పైల లెక్కన 4 పైలు, 8 పైలు కలిసి ఒక అణా. మొత్తం వరుస ధర 4 అణాలు, అంటే హాలీ సిక్కా పావు రూపాయి. బ్రిటిష్ ఇండియా జూబిలీ వరుస కొనడానికి ఒక రూపాయి ఒకటిన్నర అణాలు అయ్యేవి. 8 అణాల వంటి పెద్ద విలువ హైదరాబాదు వరుసలో లేదు. సేకరణకర్త సొమ్ము కోసం కాక రోజువారీ ఉత్తరాల కోసం ఈ బిళ్ళలు అచ్చయ్యాయనడానికి ఈ లెక్క ఒక్కటే చాలు. ఇంకో కారణమూ ఉంది. హైదరాబాదు బిళ్ళలు రాజ్యం లోపలే చెల్లేవి. వరంగల్లు నుంచి మెదక్కుకు రాసే ఉత్తరానికి నిజాం బిళ్ళ సరిపోతుంది. అదే వరంగల్లు నుంచి బెజవాడకు రాయాలంటే బ్రిటిష్ ఇండియా బిళ్ళ అతికించాలి. కనుక ఈ జూబిలీ బిళ్ళల పాఠకుడు లోకం కాదు, రాజ్యంలోని ప్రజ. ఒకే భాష మాట్లాడే తెలుగువాళ్ళు ఈ రెండేళ్ళలో రెండు జూబిలీల బిళ్ళలను, రెండు రాజ్యాల ప్రశస్తులను నాలుకతో తడిపి అతికించారు.

కట్టడాల ఎంపికలో మతం లేకపోవడం మొదటి విశేషం. గుడి లేదు, మసీదు లేదు, చర్చి లేదు. 1935 వరుసలో ఏడింటిలో నాలుగు ప్రార్థనామందిరాలైతే ఇక్కడ నాలుగింటిలో ఒక్కటీ లేదు. చికిత్స, విద్య, సభ: ఈ మూడే. నిజాం పాలనను మతరాజ్యంగా మాత్రమే చూసే వ్యాఖ్యాతలు ఈ వరుస ముందు ఒకసారి ఆగవలసి ఉంటుంది. పాలకవర్గం తనను తాను ఆధునిక సంస్థల నిర్మాతగా చూపించుకోదలచింది. మన శాసన సంప్రదాయం సప్తసంతానాల్లో తటాకాన్ని, ఆలయాన్ని, వనాన్ని లెక్కించింది. కాకతీయుల ప్రశస్తులు చెరువుల తవ్వకాన్ని రాజధర్మంగా చాటాయి. 1937 బిళ్ళల్లో ఆలయం స్థానాన్ని ఆసుపత్రి, అగ్రహారం స్థానాన్ని విశ్వవిద్యాలయం తీసుకున్నాయి. ప్రశస్తి రచనా విధానం మాత్రం మారలేదు: రాజు కట్టించినదాన్ని చెబితే రాజును చెప్పినట్లే.

వీటిలో ఉస్మానియా వైద్యశాల చిత్రం చరిత్రబరువు మోస్తున్న చిత్రం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. అఫ్జల్‌గంజ్‌లోని పాత ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీపై ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ వచ్చాయి. విన్సెంట్ ఎష్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి నది ఒక ఒడ్డున హైకోర్టును, ఎదుటి ఒడ్డున కొత్త వైద్యశాలను రూపొందించాడు. 1931లో మొదలైన నిత్యవ్యవహార బిళ్ళల వరుసలో హైకోర్టు, ఉస్మాన్ సాగర్ ఉన్నాయి. 1937లో ఆసుపత్రి చేరింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే వరద తర్వాత లేచిన నగరం ఒక్కొక్క బొమ్మగా కనిపిస్తుంది. హైదరాబాదు బిళ్ళల్లో నిజాయితీగా చెప్పుకోదగ్గ కథ ఏదైనా ఉంటే అది ఇదే. వేలమందిని పొట్టన పెట్టుకున్న నది ఒడ్డున ఒక పెద్ద ఆసుపత్రి కట్టిన పాలనను పొగడడానికి ప్రశస్తికారుడు అవసరం లేదు. 2020 జులైలో వాననీరు వార్డుల్లోకి చేరడంతో ఆ పాత భవనాన్ని ఖాళీ చేయించవలసి వచ్చిందన్న సంగతి బిళ్ళ మీది ఆ గుమ్మటాలను ఇవాళ చూసేవారికి గుర్తురాక మానదు.

యునానీ వైద్యశాలకు చార్మినార్ పక్కన చోటు. ఆధునిక వైద్యానికీ దేశీయ వైద్యానికీ సమానంగా ఒక్కొక్క బిళ్ళ ఇవ్వడం ఆలోచించి చేసిన పనిగానే కనిపిస్తుంది. అయితే ఆ దేశీయతలో ఆయుర్వేదం లేదు. పల్లెల్లో వైద్యం చేసే నాటువైద్యుడి సంగతి సరే సరి.

విశ్వవిద్యాలయం బొమ్మ మరింత చిక్కైనది. 1918లో ఏర్పడిన ఉస్మానియా, భారతీయ భాషను ఉన్నతవిద్యకు మాధ్యమంగా తీసుకున్న తొలి ఆధునిక విశ్వవిద్యాలయం. దాని కోసం ఏర్పాటైన అనువాద విభాగం విజ్ఞానశాస్త్రాలను, వైద్యాన్ని, న్యాయాన్ని ఉర్దూలోకి తెచ్చింది. భారతీయ భాషలన్నీ ఈనాటికీ సాధించని పని అది. ఆర్ట్స్ కళాశాల భవనానికి 1934లో శంకుస్థాపన జరిగింది. అది ప్రారంభమైంది 1939 డిసెంబరులో. అంటే 1937 బిళ్ళ వెలువడే నాటికి ఆ విశ్వవిద్యాలయపు ప్రధాన సౌధం ఇంకా పూర్తికాలేదు. తక్కిన బిళ్ళలు జరిగినదాన్ని చెబితే ఇది జరగబోయేదాన్ని కూడా కలుపుకుని చెప్పింది. సగం కట్టడం, సగం సంకల్పం. ఇంతటి విశ్వవిద్యాలయంలో తెలుగు ఒక పాఠ్యాంశం మాత్రమే. రాయప్రోలు సుబ్బారావు వంటి కవి తెలుగు శాఖలో ఆచార్యుడుగా ఉన్నా, తెలుగు మాతృభాషగా గల విద్యార్థి భౌతికశాస్త్రాన్ని, చరిత్రను ఉర్దూలోనే నేర్చుకోవాలి. రాజ్యంలో తెలుగు మాట్లాడేవారే ఎక్కువమంది. దేశభాషలో ఉన్నతవిద్య అన్న ఆదర్శం గొప్పది. అది ఎవరి భాష అన్న ప్రశ్న బిళ్ళ అడగదు. బిళ్ళ వెలువడిన మరుసటి ఏడాదే, 1938లో, వందేమాతరం పాడినందుకు ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులను బహిష్కరించింది. నాగపూరు విశ్వవిద్యాలయం వారిలో చాలామందికి ఆశ్రయమిచ్చింది.

జూబిలీ హాలు గురించి చెప్పడానికి అంతగా లేదు. ఉత్సవం జరిగిన మందిరాన్ని ఉత్సవ బిళ్ళపై వేయడం పెళ్ళిపత్రికపై పందిరి బొమ్మ వేయడం లాంటిది.

4. ముఖం ఎక్కడ?

నాలుగు బిళ్ళల్లో ఎక్కడా నిజాం ముఖం లేదు. మతం బొమ్మలను అంగీకరించదు కాబట్టి అన్న సమాధానం వెంటనే స్ఫురిస్తుంది. అది సగం సమాధానం మాత్రమే. ఉస్మాన్ అలీఖాన్ ఛాయాచిత్రాలకు, తైలవర్ణ చిత్రాలకు కొదవలేదు. ఇదే 1937 ఫిబ్రవరిలో అమెరికా వారపత్రిక 'టైమ్' ఆయన ముఖాన్ని ముఖపత్రంపై అచ్చువేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. గోడ మీద, పత్రికలో ఉండగలిగిన ముఖం నాణెం మీద, బిళ్ళ మీద ఉండలేదు. కారణం నిషేధంలో కంటే సంప్రదాయంలో వెదకాలి.

ముస్లిం పాలనా సంప్రదాయంలో సార్వభౌమత్వానికి గుర్తులు రెండు: ఖుత్బాలో పేరు, సిక్కాపై పేరు. పేరే గాని రూపం కాదు. ఆసఫ్‌జాహీలు 1857 తిరుగుబాటు దాకా మొగల్ చక్రవర్తి పేరుతోనే నాణేలు ముద్రించారు. ఢిల్లీలో ఆ చక్రవర్తి లేకుండా పోయాకే తమ వంశనామం వేసుకున్నారు. ఏడవ నిజాం నాణేలపై చార్మినార్ బొమ్మ, దాని ద్వారంలో ఉస్మాన్ పేరులోని మొదటి అక్షరమైన 'అయిన్' ఉంటాయి. రాజు అక్షరమై కట్టడంలో కూర్చున్నాడు. తపాలా బిళ్ళ ఈ నాణెపు సంప్రదాయానికే వారసురాలు. పేరు ఉంది, పైగా నాలుగింటిలో రెండు కట్టడాల పేర్లలో, విశ్వవిద్యాలయాన్ని కలుపుకుంటే మూడింటిలో 'ఉస్మానియా' అన్న మాటే ఉంది. ముఖం అవసరం లేనంతగా పేరు పరుచుకుంది.

అందుకే ఈ ముఖరాహిత్యాన్ని వినయంగా పొరబడరాదు. 1935 బిళ్ళలో రాజు తల, గుడి వేర్వేరు. గుడి మరొకరిది, తల మాత్రమే రాజుది. 1937 బిళ్ళలో ఆ ఎడం లేదు. ఆసుపత్రీ రాజే, విశ్వవిద్యాలయమూ రాజే. ప్రజల సొమ్ముతో లేచిన సంస్థ పాలకుని వ్యక్తిగత దానంగా మారే ప్రక్రియ ముఖం ఉన్నచోట కంటే ముఖం లేనిచోటే నిశ్శబ్దంగా జరుగుతుంది.

ఇంకొక విషయం. ముఖం లేని ఈ బిళ్ళలపై ఇంగ్లీషు బిరుదు ఉంది: హెచ్.ఇ.హెచ్., అంటే హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన ధనసహాయానికి ప్రతిగా 1918లో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన గౌరవం అది. తక్కిన సంస్థానాధిపతులెవరికీ లేనిది కాబట్టి గర్వకారణం, మరొకరు ఇచ్చినది కాబట్టి అధీనతకు రుజువు. సిక్కా సంప్రదాయం ముఖాన్ని దాచి నిలబెట్టిన సార్వభౌమత్వాన్ని మూడు పొడి అక్షరాలు బయటపెట్టాయి.

ఇతర సంస్థానాల జూబిలీ బిళ్ళలతో పోల్చితే ఈ తేడా మరింత తేటపడుతుంది. జయపూరు మహారాజు రెండవ మాన్‌సింగ్ 1922లో గద్దెనెక్కాడు. ఆయన రజతోత్సవ బిళ్ళలు 1947 డిసెంబరులో, అంటే దేశం స్వతంత్రమయ్యాక రావడం మొదలైంది. హవామహల్, జంతర్‌మంతర్, అంబర్ కోటతో పాటు మహారాజు రూపమూ వాటిలో కనిపిస్తుంది. పాకిస్తాన్‌లో చేరిన బహావల్‌పూర్ 1949లో తన అమీరు రజతోత్సవానికి సాగునీటి ఆనకట్టను, గోధుమను, పత్తిని, ఎద్దును ఎంచుకుంది. నేలను, పంటను, పశువును బొమ్మకు అర్హమైనవిగా చూసిన ఆ వరుస ముందు హైదరాబాదు వరుస లోపం స్పష్టమవుతుంది.

5. నగరం దాటని చిత్రం

ఆ లోపం ఇది: నాలుగు కట్టడాలూ హైదరాబాదు నగరంలోవే. 1931 వరుస ఇంత ఇరుకైనది కాదు. అందులో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్ సాగర్‌తో పాటు అజంతా గుహల ముఖద్వారం, బీదరు మదరసా, దౌలతాబాదు విజయస్తంభం ఉన్నాయి. మరాఠ్వాడకు రెండు, కన్నడ ప్రాంతానికి ఒకటి దక్కాయి. రాజ్యంలో అత్యధిక సంఖ్యాకులైన తెలుగువారి జిల్లాల నుంచి మాత్రం ఒక్కటీ లేదు. రామప్ప లేదు, వేయిస్తంభాల గుడి లేదు, పాఖాల చెరువు లేదు. గుళ్ళు వద్దనుకుంటే చెరువు ఉండవచ్చు గదా. జూబిలీ వరుసకు వచ్చేసరికి మరాఠ్వాడ, కన్నడ ప్రాంతాలు కూడా జారిపోయి నగరం ఒక్కటే మిగిలింది.

హైదరాబాదు బిళ్ళలపై ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ లిపులకు చోటుండేదన్నది నిజమే. కాని లిపికి చోటివ్వడం వేరు, ఆ లిపి రాసే ప్రజల నేలకు చోటివ్వడం వేరు. అణా ఎంతో తెలియడానికి తెలుగు కావాలి. రాజ్యం ఎలాంటిదో చూపడానికి తెలుగు నేల అక్కరలేకపోయింది.

ఈ మౌనాన్ని ఆనాటి తెలుగు సమాజం పక్కన పెట్టి చూడాలి. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును ఎగతాళి చేయడంతో ఆంధ్రజన సంఘం పుట్టింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' ప్రారంభించాడు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న నిందకు జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వచ్చింది. 1930లో జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ 1936లో షాద్‌నగర్‌లో, 1937లో నిజామాబాదులో సమావేశమైంది. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 కింద సర్కారు అనుమతి కావాలి. సభామందిరాన్ని 2 అణాల బిళ్ళపై అచ్చువేసి పంచిన రాజ్యంలో సభ జరుపుకోవడానికి అనుమతి కోసం తిరగవలసి వచ్చింది. 'గోలకొండ పత్రిక' పల్లెకు చేరిందీ, మహాసభ ఆహ్వానాలు వెళ్ళిందీ తపాలా ద్వారానే. రజతోత్సవ బిళ్ళలు అతికించిన కవర్లలో ఏ ఉత్తరాలు ప్రయాణించాయో ఆ బిళ్ళలను రూపొందించినవారికి పట్టి ఉండదు.

6. తపాలా కింద మరో తపాలా

తెలంగాణ పల్లెలో 'తపాలా' అన్న మాటకు ఇంకో అర్థముంది. పటేలు, పట్వారీల దగ్గర నుంచి తాలూకా కచేరీకి, పోలీసు ఠాణాకు కాగితాలు మోయడం వెట్టి చేసే దళిత కుటుంబాల పని. వంతుల వారీగా ఇంటికొక మనిషి ఈ పని చేయాలి. రాత్రా పగలా అన్నది లేదు, ఎండా వానా అన్నది లేదు. కూలి లేదు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో ఈ వెట్టి రూపాలను వివరంగా నమోదు చేశాడు. అంతకు చాలా ముందే మాడపాటి హనుమంతరావు నాయకత్వంలో ఆంధ్రోద్యమం వెట్టికి వ్యతిరేకంగా కరపత్రాలు ప్రచురించింది.

తపాలా శాఖ బిళ్ళకు విలువ ఉంటుంది: 4 పైలు, 8 పైలు, 1 అణా. ఉత్తరం మోయడానికి అయ్యే శ్రమకు ముందే చెల్లించిన రుసుముకు అది రసీదు. తపాలా బిళ్ళ అన్న ఆలోచనకే మూలం ఇది. మోత ఊరికే జరగదు, దానికో ధర ఉంటుంది. ఆ ధరను కాగితంపై అచ్చువేసి రాజు పేరుతో అమ్మిన రాజ్యంలోనే, అదే పాలన కాగితాలు బిళ్ళ లేకుండా, ధర లేకుండా ఒక కులం నెత్తిమీద ఊరూరా తిరిగాయి. 1937 బిళ్ళల్లో ఎవరు లేరు అన్న ప్రశ్నకు నిజాం ముఖం కంటే ముందు చెప్పవలసిన పేరు ఈ మోతగాడిది. జూబిలీ బిళ్ళలపై వచ్చిన సేకరణ సాహిత్యం రంగుల తేడాలను, చిల్లుల లెక్కలను ఎంత నిశితంగా చర్చించినా ఈ వైపు చూపు సారించలేదు. సేకరణకర్త బాధ్యత అది కాకపోవచ్చు. పరిశోధకుడికి ఆ మినహాయింపు లేదు.

దీనివల్ల ఆసుపత్రి, విశ్వవిద్యాలయం అబద్ధాలైపోవు. మూసీ ఒడ్డు ఆసుపత్రిలో కోలుకున్నవారిలో పల్లెల నుంచి వచ్చినవారూ ఉన్నారు. ఉస్మానియాలో చదివినవారిలో నిజాం పాలనను ఎదిరించినవారూ ఉన్నారు. నిజాం పాలనపై ఇవాళ సాగుతున్న వాదవివాదాల్లో ఒక పక్షం ఈ నాలుగు కట్టడాలనే చూపుతుంది, రెండో పక్షం వెట్టినీ రజాకార్లనే చూపుతుంది. రెండు పక్షాలూ బిళ్ళను ఒక వైపే చూస్తున్నాయి. కట్టడాలను చూపేవారు ముందు బొమ్మ దగ్గర ఆగిపోతారు. మరో పక్షానికి బొమ్మే కనిపించదు. బొమ్మ ఉన్న కాగితానికి వెనక జిగురు కూడా ఉంటుంది, ఆ జిగురే ఉత్తరాన్ని నడిపిస్తుంది.

7. తోరణం

1945లో యుద్ధ విజయానికి, 1947 ఫిబ్రవరిలో సంస్కరించిన శాసనసభ ప్రారంభానికి హైదరాబాదు మళ్ళీ స్మారక బిళ్ళలు వేసింది. శాసనసభ బిళ్ళపై టౌన్‌హాలు బొమ్మ ఉంది. ఆ సంస్కరణలను హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది. ఈసారీ నగరమే, ఈసారీ కట్టడమే.

1947-49 మధ్య వచ్చిన నిత్యవ్యవహార బిళ్ళల్లో మాత్రం ఒక మార్పు ఉంది. 3 అణాల బిళ్ళపై ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం కనిపిస్తుంది. ఆసఫ్‌జాహీ తపాలా చరిత్రలో నగరం వెలుపలి తెలుగు నేల బొమ్మగా రావడానికి అంతకాలం పట్టింది. అప్పటికి నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో రైతులు సాయుధులయ్యారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించింది. 1950 ఏప్రిల్ నాటికి హైదరాబాదు తపాలా భారత తపాలాలో కలిసిపోయింది. తోరణం ఉన్న ఆ బిళ్ళలు, మిగిలిన బిళ్ళలతో పాటు, చెల్లకుండా పోయాయి.